బిజినెస్ ఆబ్జెక్ట్స్ వాడాలా వద్దా? సిరిసిల్ల సాంచాల లెక్కతో చూద్దాం

ఎప్పట్లాగే ఎల్లారెడ్డిపేట నుంచే మాట్లాడుతున్నా. వెనకాల బస్సు హారన్ వినబడితే ఏమనుకోకండి, మా ఇల్లు సిరిసిల్ల–కామారెడ్డి రోడ్డు మీదనే.

ఈ టాపిక్ చాలామంది అడిగారు. "అన్నా, ఇంటర్వ్యూల బిజినెస్ ఆబ్జెక్ట్ అంటే ఏంది అన్నరు, డెఫినిషన్ చెప్పిన. ఎప్పుడు వాడొద్దు అని అడిగితే మాత్రం నోట మాట రాలే" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. నిజం చెప్పాలంటే బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన మొదటి రెండేళ్లు నాక్కూడా ఆ జవాబు తెలియదు. అది నాకు అర్థమైంది ఆఫీసులో కాదు, సిరిసిల్లలో మా చిన్నాయన కార్ఖానాలో. నేను రాసిన యాప్ వల్ల ఒక మనిషి కూలిలో 300 రూపాయలు తక్కువ పడ్డ రోజు. ఆ తప్పు నాది. ఆ కథ చెప్తూనే విషయం మొత్తం చెప్తా.

ముందు ఒక చిన్న క్లారిటీ. గూగుల్‌లో బిజినెస్ ఆబ్జెక్ట్స్ అని కొడితే ఎస్ఏపీ వాళ్ల రిపోర్టింగ్ టూల్ వస్తుంది. అది వేరు. ఆ పేరుతో ఒక కంపెనీ ఉండేది, దాన్ని ఎస్ఏపీ కొనుక్కుంది. మనం మాట్లాడేది సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్‌లో వాడే బిజినెస్ ఆబ్జెక్ట్ గురించి. అంటే ఆ వ్యాపారంలో నిజంగా ఉండే ఒక వస్తువుని, దాని లెక్కలూ దాని నియమాలతో సహా కోడ్‌లో ఒక్క దగ్గర పెట్టడం. బ్యాంకుకి ఖాతా. బస్సు డిపోకి టికెట్. మా చిన్నాయనకి తాను.

సాంచా, ఆసామి, తాను

సిరిసిల్ల తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మా దగ్గర పవర్‌లూమ్‌ని సాంచా అంటారు. సాంచాలు ఉండే షెడ్డు కార్ఖానా. నూలు పెట్టేది సేటు. ఆ నూలు తెచ్చి, తన సాంచాల మీద బట్ట నేయించి, ఆ బట్టను మళ్లీ సేటుకి అప్పజెప్పి మీటరు లెక్కన డబ్బు తీసుకునేది ఆసామి. మా చిన్నాయన ఆసామి. ఆయన దగ్గర సాంచాలు నడిపేది కార్మికుడు. ఒక్కో మనిషి ఒకేసారి నాలుగు, ఆరు, ఎనిమిది సాంచాలు కూడా చూసుకుంటడు.

కార్మికుడికి నెల జీతం ఉండదు. నేసిన మీటర్లను బట్టి కూలి. అది కూడా అన్ని బట్టలకు ఒకటే రేటు కాదు. అడ్డపోగు ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు పోతే ఒక పిక్కు. అంగుళానికి పిక్కులు ఎక్కువ ఉంటే బట్ట దట్టంగా వస్తుంది, మీటరు నేయడానికి టైం ఎక్కువ పడుతుంది, రేటు కూడా ఎక్కువుండాలి. ఇంకా పాలిస్టర్‌కి ఒక రేటు, చీరకు ఒక రేటు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల సర్కారు ఆర్డర్లు నడిచినప్పుడు అదో లెక్క. మధ్యలో అడ్వాన్స్ తీసుకుంటే దాని కోత ఒక లెక్క.

ఇదంతా చిన్నాయన ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. నేను ఇంటికి వచ్చినప్పుడు చూసి, "చిన్నాయనా, యాప్ చేసిస్తా" అన్నా. రెండు శని, ఆదివారాల్లో చేసేశా.

మొదటి వెర్షన్: ఫంక్షన్లూ టేబుళ్లూ

మొదటి వెర్షన్‌లో బిజినెస్ ఆబ్జెక్ట్ అన్న మాటే లేదు. డేటాబేస్‌లో ఒక టేబుల్: తేదీ, కార్మికుడు, బట్ట రకం, మీటర్లు. స్క్రీన్ మీద బటన్ నొక్కితే ఒక ఫంక్షన్ నడుస్తుంది, టేబుల్‌లోంచి తెస్తుంది, లెక్క కడుతుంది, చూపిస్తుంది. దీనికి ఒక పేరుంది: ట్రాన్సాక్షన్ స్క్రిప్ట్. మార్టిన్ ఫౌలర్ 2002లో ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ల ప్యాటర్న్స్ మీద రాసిన పుస్తకంలో పెట్టిన పేరు ఇది. ఒక పనికి ఒక స్క్రిప్ట్. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే అర్థమైపోతుంది.

దీన్ని తక్కువ చేసి చూడకండి. నాలుగు నెలలు అది బ్రహ్మాండంగా నడిచింది.

తర్వాత కూలి రేటు పెరిగింది. ఇక్కడ నేను చెప్పేవి లెక్క సులువుగా ఉండటానికి రౌండ్ నంబర్లు, అసలు మార్కెట్ రేట్లు కావు. మీటరుకు 2 రూపాయలు ఉన్నది 2.25 అయిందనుకోండి. నేను హైదరాబాద్ నుంచే కోడ్ మార్చి, అప్‌డేట్ పంపించా. పని అయిపోయింది అనుకున్నా.

శనివారం చిన్నాయన నుంచి ఫోన్. "నువ్వు ఒకసారి వచ్చి పో" అన్నడు. గొంతులో తేడా ఉంది. పోతే, కార్ఖానా ముందు ఒక కాక నిలబడి ఉన్నడు. ఇరవై ఏళ్ల నుంచి చిన్నాయన దగ్గరే సాంచాలు నడుపుతుండు. ఆయన తన ఫోన్ తీసి నాకు చూపించిండు. నా యాప్ పంపిన వాట్సాప్ మెసేజ్: 1,200 మీటర్లు, కూలి 2,700 రూపాయలు. తర్వాత చేతిలో ఉన్న నోట్లు చూపించిండు: 2,400.

"బిడ్డా, నీ ఫోనే రెండు ముచ్చట్లు చెప్పవట్టె. నేను దేన్ని నమ్మాలె?" అన్నడు.

ఏం జరిగిందంటే, "మీటర్లు ఇంటూ రేటు" అనే లెక్కని నేను మూడు చోట్ల రాశా. ఎంట్రీ స్క్రీన్‌లో ఒకటి, వాట్సాప్ మెసేజ్ పంపే ఫంక్షన్‌లో ఒకటి, శనివారం డబ్బులు పంచే వారం పట్టీలో ఒకటి. రేటు మార్చింది మొదటి రెండు చోట్లే. మూడోది మరిచిపోయా.

ఆరు రోజులకు 2,700 అంటే రోజుకు 450. అందులో 300 అంటే రోజు కూలిలో మూడింట రెండొంతులు. ఆ వారం ఏడుగురికి అట్లనే పడింది. అప్పటికప్పుడు లెక్క సరిచేసి ఇచ్చేసినం. కానీ చిన్నాయన ఒక మాట అన్నడు, అది ఇప్పటికీ గుర్తుంది: "నోట్‌బుక్‌ల తప్పు రాస్తే తప్పు రాసిన అంటరు. ఫోన్‌ల తప్పు వస్తే మోసం చేసిన అంటరు."

ఇక్కడ గమనించండి. నాకు గుణకారం రాక తప్పు రాలేదు. నియమానికి ఒక ఇల్లు లేక వచ్చింది. కూలి లెక్క ఎవరిది, దాన్ని అడగాల్సింది ఎవరిని అన్నది కోడ్‌లో ఎక్కడా లేదు.

రక్తం లేని ఆబ్జెక్ట్

మీలో కొందరు అంటారు, "అన్నా, మేము క్లాసులు వాడతాం కదా, మాకు ఈ ప్రాబ్లం రాదు." ఆగండి. మన కాలేజీ ప్రాజెక్టుల్లో క్లాస్ ఎట్లా ఉంటుంది? నాలుగు ఫీల్డ్‌లు, నాలుగు గెట్టర్లు, నాలుగు సెట్టర్లు. అంతే. లెక్కలన్నీ పక్కన సర్వీస్ అనే ఇంకో క్లాసులో. దీన్ని ఫౌలర్ 2003లో అనీమిక్ డొమైన్ మోడల్ అన్నాడు. రక్తహీనత ఉన్న మోడల్ అన్నమాట. చూడటానికి మనిషి లాగే ఉంటుంది, ఒంట్లో శక్తి ఉండదు. ఆబ్జెక్ట్‌లు రాసిన కష్టం మనకే, కానీ వాటి లాభం రాదు అని ఆయన కంప్లైంట్.

ఎందుకంటే సెట్టర్ ఉందంటే ఎవరైనా వచ్చి మీటర్లు మైనస్ 50 అని పెట్టొచ్చు. డబ్బులిచ్చేసిన తానుని మళ్లీ దిద్దొచ్చు. ఆబ్జెక్ట్ నోరు మూసుకుని ఒప్పుకుంటుంది. నా మూడు చోట్ల లెక్క కూడా సర్వీస్ క్లాసుల్లో హాయిగా మూడు చోట్లే ఉండిపోతుంది.

రెండో వెర్షన్: అన్నీ నెత్తిన పెట్టుకున్న తాను

ఆ వారం బాధతో నేను పూర్తిగా అటు మొగ్గినా. ఎరిక్ ఎవాన్స్ 2003లో డొమైన్ డ్రివెన్ డిజైన్ అని పుస్తకం రాశాడు. దాని గురించి యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి, యాప్ మొత్తం తిరగరాశా. ఈసారి తాను అనే ఆబ్జెక్ట్‌కి అన్నీ తెలుసు. తన కూలి తనే కట్టుకుంటుంది. తన మీద టాక్స్ ఎంతో తనే చెప్తుంది. తనను తానే డేటాబేస్‌లో సేవ్ చేసుకుంటుంది. వాట్సాప్ మెసేజ్ కూడా తనే పంపుకుంటుంది.

కూలి లెక్క ఒక్క చోటికి వచ్చింది. అది నిజమైన లాభం. ఇప్పుడు బరువు సంగతి చూడండి.

మొదటి బరువు, స్పీడ్. చిన్నాయన ఫోన్ మామూలు ఫోన్. నెల లిస్ట్ తెరిస్తే 400 తానులు. ప్రతి తానుకి కూలి చెప్పాలంటే దాని కార్మికుడి రికార్డు కావాలి. అంటే లిస్ట్ కోసం ఒక క్వెరీ, తర్వాత ఒక్కో తానుకి ఒక్కో క్వెరీ, మొత్తం 401. దీన్నే ఎన్ ప్లస్ వన్ ప్రాబ్లం అంటారు. స్క్రీన్ తెరిచి చిన్నాయన చాయ్ తాగొచ్చేవాడు. పాత వెర్షన్‌లో అదే పని ఒక్క క్వెరీతో, ఒక్క జాయిన్‌తో అయిపోయేది. ఆబ్జెక్ట్‌లు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి, టేబుళ్లు వరుసలుగా ఉంటాయి. ఈ రెండింటి మధ్య అనువాదం చేసే పనిని ఓఆర్ఎం చేస్తుంది. అది పని తగ్గిస్తుంది నిజమే, కానీ వెనకాల ఎన్ని క్వెరీలు పోతున్నాయో మనకు కనబడకుండా చేస్తుంది. బిజినెస్ ఆబ్జెక్ట్స్‌కి కట్టే మొదటి కిరాయి ఇది.

రెండో బరువు, జీఎస్టీ. నా దోస్తు ఒకడు సిరిసిల్లలో పాలిస్టర్ నూలు అమ్ముతడు. నా యాప్ చూసి బిల్లింగ్‌కి కూడా చేసిమ్మన్నడు. అదే పద్ధతిలో బిల్లు ఆబ్జెక్ట్ చేసిచ్చా. టాక్స్ రేటు బిల్లు లోపలే ఉంది, 12 శాతం అని. 2025 సెప్టెంబర్ 22 నుంచి పాలిస్టర్ లాంటి మ్యాన్‌మేడ్ నూలు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నేను పోయి 12 తీసేసి 5 పెట్టా. ఒక్క చోటే ఉంది కదా, ఈసారి మరిచిపోయే చాన్సే లేదని సంబరం కూడా పడ్డా.

మర్నాడు వాడు ఆగస్టు బిల్లు తెరిచిండు. లక్ష రూపాయల నూలు. అప్పుడు కస్టమర్‌కి ఇచ్చింది 1,12,000 బిల్లు. ఇప్పుడు స్క్రీన్ మీద 1,05,000 చూపిస్తోంది. పాత బిల్లు కొత్త రేటుతో మళ్లీ లెక్క కట్టుకుంది! రిటర్న్‌లో 12 శాతం చూపించి, బిల్లులో 5 కనబడితే ఎవరికి సమాధానం చెప్పాలి?

మొదటిసారి నియమం మూడు చోట్ల ఉండి కొంప ముంచింది. రెండోసారి ఒక్క చోటే ఉంది, కానీ ఉండకూడని చోట ఉంది. ఈ రెండు దెబ్బలు కలిపి చూస్తేనే అసలు పాఠం.

ఈ గొడవ మనకు ముందే జరిగింది

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదు లెండి, ఇండస్ట్రీ మొత్తం ఈ దారిలో నడిచింది. జావాలో ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ మొదటి వెర్షన్ 1998లో వచ్చింది. అందులో ఎంటిటీ బీన్స్ అని ఉండేవి. వ్యాపార వస్తువు ఒక్కోదాన్నీ ఒక్కో బీన్‌గా పెట్టి, సేవ్ చేయడం, ట్రాన్సాక్షన్, సెక్యూరిటీ అన్నీ కంటెయినర్ చూసుకుంటుంది అన్నారు. ఐడియా మంచిదే. వాడిన వాళ్లకు మాత్రం ఒక చిన్న ఆబ్జెక్ట్‌కి బోలెడు ఫైళ్లు, సర్వర్ లేకుండా టెస్ట్ చేయలేని కోడ్. ఆ విసుగులోంచే రాడ్ జాన్సన్ 2002లో ఒక పుస్తకం రాశాడు, ఆ పుస్తకంలోని కోడ్ నుంచే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ పుట్టింది. 2006లో ఈజేబీ 3 వచ్చేసరికి జావా వాళ్లే ఎంటిటీని మళ్లీ మామూలు క్లాసుగా మార్చారు.

దీన్నిబట్టి తెలిసేది ఒకటే. ఆబ్జెక్ట్‌కి వ్యాపార నియమం ఇవ్వడం తప్పు కాలేదు. దాని నెత్తిన సేవ్ చేసే పని, నెట్‌వర్క్ పని కూడా పెట్టడం తప్పయింది.

మూడో వెర్షన్: మూడు ప్రశ్నలు

ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ రాసే ముందు నేను కోడ్ ముట్టుకోలేదు. చిన్నాయన పాత నోట్‌బుక్ తెచ్చుకుని, అందులోని ఒక్కో నియమాన్ని ఒక్కో లైన్‌గా రాసుకున్నా. ప్రతి నియమానికీ మూడు ప్రశ్నలు వేశా. ఇవి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటి ప్రశ్న: ఈ నియమం తప్పితే ఆ వస్తువే అబద్ధం అవుతుందా? మీటర్లు సున్నా కంటే తక్కువ ఉండొద్దు. డబ్బులిచ్చేసిన తానుని దిద్దొద్దు. అడ్వాన్స్ కోత ఆ వారం కూలి కంటే ఎక్కువ ఉండొద్దు. ఇవి తప్పితే అది తానే కాదు, అది వారం పట్టీయే కాదు. ఇట్లాంటి వాటిని ఇన్వేరియంట్లు అంటారు, ఎప్పటికీ తప్పకూడని నిజాలు. వీటి ఇల్లు ఆబ్జెక్ట్ లోపలే. సెట్టర్లు తీసేయండి. "మీటర్లు మార్చు" అని కాదు, "దిద్దు" అని అడగాలి, ఇచ్చేసిన తాను అయితే ఆబ్జెక్టే కుదరదు అని చెప్పాలి.

రెండో ప్రశ్న: ఈ నియమానికి ఈ ఒక్క వస్తువు చాలా, ఇంకా నలుగురు కావాలా? "ఈ నెల అందరికన్నా ఎక్కువ నేసింది ఎవరు" అన్నది ఏ ఒక్క తానుకీ తెలియదు, తెలియాల్సిన పని లేదు. అది బయట ఒక సర్వీస్‌లో, లేదా నేరుగా ఒక క్వెరీలో. 400 తానుల లిస్ట్ చూపించడానికి 400 ఆబ్జెక్ట్‌లు కట్టాల్సిన అవసరం లేదు. చూడటానికి క్వెరీ, మార్చడానికి ఆబ్జెక్ట్. ఈ ఒక్క మార్పుతో చిన్నాయన చాయ్ బ్రేక్ పోయింది.

మూడో ప్రశ్న: ఈ నియమాన్ని మార్చేది ఎవరు, ఎన్నిసార్లు? జీఎస్టీ మార్చేది ప్రభుత్వం. కూలి రేటు మారేది సేట్లు, ఆసాములు, కార్మికులు కూర్చుని మాట్లాడుకున్నప్పుడు. అంటే అది మన చేతిలో లేదు. చేతిలో లేనిది కోడ్‌లో రాయకూడదు. దాన్ని తేదీతో సహా ఒక టేబుల్‌లో పెట్టాలి: ఈ రేటు ఈ రోజు నుంచి. తాను తయారైన రోజు ఏ రేటు నడుస్తుందో తెచ్చి ఆబ్జెక్ట్‌కి ఇవ్వాలి, లెక్క మాత్రం అది కట్టాలి. కట్టిన తర్వాత ఆ రేటుని తనలోనే దాచుకోవాలి. బిల్లు ఒకసారి కస్టమర్ చేతికి పోయిందంటే అది లెక్క కాదు, జరిగిపోయిన విషయం. జరిగిపోయిన దాన్ని మళ్లీ లెక్క కట్టొద్దు, చదవాలి అంతే.

చూడండి, లెక్క కట్టే పద్ధతి ఆబ్జెక్ట్‌లో, రేటు టేబుల్‌లో, సేవ్ చేయడం రిపాజిటరీలో, మెసేజ్ పంపడం ఇంకో చోట. ఎవరి పని వాళ్లది.

చిన్న ఆబ్జెక్ట్, పెద్ద లాభం

పెద్ద ఆబ్జెక్ట్‌ల జోలికి పోకపోయినా ఒక్కటి మాత్రం ఈరోజే మొదలుపెట్టండి: వాల్యూ ఆబ్జెక్ట్. డబ్బు, మీటర్లు, తేదీ లాంటివి ఉత్త నంబర్‌గా వదిలేయకండి. డబ్బుని దశాంశంతో ఫ్లోట్‌లో పెడితే 0.1, 0.2 కూడితే కరెక్టుగా 0.3 రాదు, మీరే ఒకసారి ట్రై చేయండి. నేను డబ్బు అని చిన్న క్లాస్ చేసి లోపల పైసల్లో పూర్ణాంకం పెట్టా. మీటర్లకు ఒక క్లాస్. ఇప్పుడు గజాలూ మీటర్లూ పొరపాటున కూడితే కంపైలరే తిడుతుంది.

ఇది మరీ చాదస్తం అనిపిస్తే నాసా కథ గుర్తు తెచ్చుకోండి. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గరికి పోయి నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో నంబర్ ఇస్తే, ఇంకోటి దాన్ని న్యూటన్ల లెక్క అనుకుంది. నంబర్‌కి తన యూనిట్ ఏంటో తెలియకపోతే జరిగేది అది. ఈ రకం ఆబ్జెక్ట్‌కి ఖర్చు ఇరవై లైన్లు.

ఒకే తాను, మూడు ముఖాలు

ఇంకో బరువు ఉంది, ఇది పెద్ద టీముల్లో ఎక్కువ కనబడుతుంది. కార్మికుడికి తాను అంటే మీటర్లు, పిక్కులు. సేటుకి తాను అంటే షేడ్, మచ్చ, క్వాలిటీ. బిల్లు రాసేవాళ్లకి అదే బట్ట హెచ్ఎస్ఎన్ కోడ్ 5407, విలువ, టాక్స్. అందరికీ సరిపోయే ఒకే ఒక్క తాను క్లాస్ చేద్దామని కూర్చుంటే అందులో అరవై ఫీల్డ్‌లు అవుతాయి, సగం ఎప్పుడూ ఖాళీ. ఒకరి కోసం మారిస్తే ఇంకొకరిది పగులుతుంది. ఎవాన్స్ దీనికి చెప్పిన మందు బౌండెడ్ కాంటెక్స్ట్. కూలి వైపు ఒక తాను, బిల్లు వైపు ఒక తాను, మధ్యలో నంబర్ ఒకటే. కాపీ చేసినట్టు అనిపిస్తుంది, కానీ అవి రెండు వేరే వస్తువులు, పేరు మాత్రమే ఒకటి.

ఇంకొక జాగ్రత్త. ఆబ్జెక్ట్ ఉండేది మెమరీలో. చిన్నాయన ఫోన్‌లో ఒక కాపీ, కార్ఖానాలో లెక్క రాసే అన్న ఫోన్‌లో ఒక కాపీ. ఇద్దరూ ఒకే తానుని ఒకేసారి దిద్దితే, ఎవరి ఆబ్జెక్ట్ ప్రకారం వాళ్లది కరెక్టే. అందుకే ప్రతి రికార్డుకి వెర్షన్ నంబర్ పెట్టి, సర్వర్‌లో మళ్లీ చెక్ చేయాలి. డేటాబేస్‌లో కూడా "మీటర్లు సున్నా కంటే ఎక్కువ" అన్న కన్‌స్ట్రెయింట్ ఉండాలి. నియమం ఒక్క చోటే ఉండాలి అని ఇందాక చెప్పి ఇప్పుడు మళ్లీ రెండు చోట్ల అంటున్నావేంది అంటారా? లెక్క ఒక్క చోట. కాపలా మాత్రం రెండు గేట్ల దగ్గర. ఆ తేడా పట్టుకోండి.

ఎప్పుడు వాడొద్దు?

ఇప్పుడు ఆ తమ్ముడి ఇంటర్వ్యూ ప్రశ్నకి వద్దాం.

మొన్న వినాయక చవితికి మా గల్లీ పిల్లలు చందా లెక్కకు యాప్ అడిగారు. పేరు, డబ్బు, తేదీ. కింద మొత్తం. పది రోజుల తర్వాత ఎవరూ ముట్టుకోరు. దానికి నేను ఒక్క బిజినెస్ ఆబ్జెక్ట్ కూడా పెట్టలేదు. పెడితే అది తెలివి కాదు, షో. డేటా తీసుకో, దాచు, చూపించు అనే పనికి ట్రాన్సాక్షన్ స్క్రిప్టే కరెక్ట్. రిపోర్టులు, డాష్‌బోర్డులు కూడా అంతే, అక్కడ క్వెరీయే రాజు. టీమ్‌లో అందరూ కొత్తవాళ్లు, నెలలో డెలివరీ, నియమాలు నాలుగే ఉన్నాయి అంటే కూడా సింపుల్‌గా మొదలుపెట్టండి.

మరి ఎప్పుడు మారాలి? నేను మూడు గుర్తులు చూస్తా. ఒకటి, అదే లెక్క రెండోసారి రాస్తున్నారంటే. రెండు, "ఈ స్టేటస్‌లో ఉంటే ఇది చేయొద్దు" అనే ఇఫ్‌లు స్క్రీన్‌ల నిండా కనబడుతున్నాయంటే. మూడు, తప్పు జరిగితే ఎవరి జేబుకో చిల్లు పడుతుందంటే. మూడోది అన్నిటికన్నా పెద్దది. మొత్తం యాప్ మార్చాల్సిన పని లేదు. ఆ ఒక్క డబ్బుల ముక్కని తీసి ఆబ్జెక్ట్ చేయండి, మిగతాది స్క్రిప్ట్‌లాగే ఉండనివ్వండి. నా యాప్‌లో ఇప్పటికీ ఫోన్ నంబర్లు మార్చే స్క్రీన్ మొదటి వెర్షన్‌లో రాసిందే. దాని జోలికి నేను పోలేదు.

లాభం కూడా ఒకటి గట్టిగా చెప్పాలి: టెస్టింగ్. కూలి లెక్కకి ఇప్పుడు డేటాబేస్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. 1,200 మీటర్లు, రేటు 2.25, రావాల్సింది 2,700. ఈ ఒక్క టెస్ట్ ఆ రోజు నా దగ్గర ఉండి, వారం పట్టీ కూడా అదే లెక్కని అడిగి ఉంటే, కాక కార్ఖానా ముందు నిలబడే పని ఉండేది కాదు.

ఇంటర్వ్యూలో అడిగితే ఇట్లా చెప్పండి: "నియమాలు ఎక్కువ, తప్పుకి ఖరీదు ఎక్కువ ఉన్న చోట బిజినెస్ ఆబ్జెక్ట్ వాడతా. దానికి మ్యాపింగ్, స్పీడ్, నేర్చుకునే టైం అనే ఖర్చు ఉంటుందని తెలుసు. నియమాలు తక్కువ ఉన్న చోట ఆ ఖర్చు పెట్టను." అంతే. ఆ తర్వాత మీ సొంత ఉదాహరణ ఒకటి చెప్పండి. నాది కాదు, మీ ఇంట్లోదో మీ ఊళ్లోదో. కిరాణా ఖాతా, పాల కేంద్రం లెక్క, ఆటో కిస్తీ, ఏదైనా సరే.

చివరిగా కాక సంగతి. కొత్త వెర్షన్‌లో వాట్సాప్ మెసేజ్‌కి ఒక లైన్ కలిపా: ఎన్ని మీటర్లు, ఏ రేటు, ఆ రేటు ఏ తేదీ నుంచి. అదే ఆబ్జెక్ట్ నుంచి మెసేజ్ పోతుంది, అదే ఆబ్జెక్ట్ నుంచి వారం పట్టీ వస్తుంది. మొదటి నెల ఆయన ప్రతి శనివారం మెసేజ్ చూసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకునేవాడు. నేను ఏమీ అనలేదు, ఆయనకు ఆ హక్కుంది. మొన్న పోయినప్పుడు ఒక్కసారే లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నడు. "ఇప్పుడు ఒక్కటే ముచ్చట చెప్తుంది బిడ్డా" అన్నడు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ యాప్‌కి టెస్టులు ఎట్లా రాసినమో స్క్రీన్ మీద చూపిస్తా. ఈ వీడియో మీ క్లాస్‌మేట్ ఎవరికైనా పనికొస్తది అనుకుంటే పంపండి. మీ ప్రాజెక్టులో ఒకే లెక్క ఎన్ని చోట్ల ఉందో ఈ రాత్రి ఒకసారి వెతికి చూడండి. ఉంటా మరి, నమస్తే.